కుంగుబాటు: కారణములయందు వివాదము, కోలుకొనుటయందు సాక్ష్యము

మానసికమైన కుంగుబాటు మెదడులోని రసాయనముల కొఱత వలన కలుగునని ఒక తరమువారు వైద్యులవలనను పత్రికలవలనను నేర్చుకొని, ఆ పాఠము పట్టణములను దాటి పల్లెలలోని మందుల షాపులదాక వ్యాపించిన పిమ్మట, ఆ సిద్ధాంతమునకు నిలకడయైన నిదర్శనము లేదని 2022లో లండను పరిశోధకులు ఒక సమీక్షను వెలువరించిరి. మాత్రలు మ్రింగుచున్నవారిలో కొందరు భయపడిరి. మాత్రలు వలదనువారు తమ వాదము గెలిచినదని సంతోషించిరి. వైద్యులలో పలువురు ఇది తమకు క్రొత్త సంగతి కాదనిరి. ఇంతలో దుఃఖమును రోగమని పిలుచుటయే తప్పనువారును, దారిద్ర్యమును మాత్రతో మాన్పజూచుట అన్యాయమనువారును, ధ్యానముతోడనే సర్వము చక్కబడుననువారును తమ కంఠములను కలిపిరి. ఇన్ని మాటల నడుమ, నిజముగా కుంగియున్న మనుష్యుడు ఎవరిని నమ్మవలయునో తెలియక మిన్నకుండుచున్నాడు.

నెల్లూరు సీమలో, పెన్న కాలువల క్రింద వరికయ్యలతో నిండిన కొడవలూరు వంటి చోట, ఆ మనుష్యుడు మనోవ్యాధి యని చెప్పుకొని వైద్యునియొద్దకు రాడు. నిద్ర పట్టుట లేదనును. తల దిమ్ముగా నున్నదనును. ఒళ్ళంతయు గుంజుచున్నదని, అన్నము సయింపకున్నదని, ఏ పనికిని మనసు పోవుట లేదని చెప్పును. బలమునకు ఒక సూది వేయించుకొని, నాలుగు విటమిను మాత్రలు తీసికొని మరలిపోవును. ఇంటివారు దిష్టి తీయుదురు. గాలి సోకినదేమో యని ఏ.ఎస్.పేట దర్గాకో, గొలగమూడికో తీసికొనిపోయి నిద్ర చేయింతురు. అప్పటికిని తగ్గనిచో నెల్లూరు పెద్దాసుపత్రికి పోవుదము అనుకొందురే గాని, అచ్చట ఏ విభాగమునకు పోవలయునో పొరుగువారితో అనుటకు సిగ్గుపడుదురు. మానసికాలయములు గల చెన్నైలోని కీల్పాకు పేరును, హైదరాబాదులోని ఎర్రగడ్డ పేరును ఎగతాళికి వాడు లోకమున ఆ సిగ్గు వింత గాదు.

ఈ వివాదముల చరిత్రను, పక్షములను, మిగిలిన సందేహములను ఒకచోట కూర్చుటకు ముందు, ఈ వ్యాసకర్త అభిప్రాయమును చెప్పివేయుట మేలు. ఈ వ్యాధి ఎందువలన వచ్చునను ప్రశ్నకు శాస్త్రము ఇంకను తృప్తికరమైన సమాధానమీయలేదు. ఇది నయమగునా యను ప్రశ్నకు మాత్రము ఇచ్చినది. మొదటిది తేలకపోవుట రెండవదానిని నమ్మకుండుటకు కారణము కాజాలదు.

ప్రాచీనుల దృష్టి

దీర్ఘకాలము వదలని విషాదమునకు శరీరములోని నల్లపిత్తము కారణమని హిపొక్రటీసు కాలపు గ్రీకు వైద్యులు తలచిరి. మన చరకసంహిత సూత్రస్థానమున, రోగములను పెంపొందించువానిలో విషాదమునకే అగ్రస్థానమిచ్చినది. ఆ గ్రంథమే చికిత్సను దైవవ్యపాశ్రయము, యుక్తివ్యపాశ్రయము, సత్త్వావజయము అని మూడు విధములుగా విభజించి, పూజాహోమాదులను మొదటిదానను, ఆహారౌషధములను రెండవదానను, అహితవిషయములనుండి మనస్సును మరల్చుటను మూడవదానను చేర్చినది. నేటి తగవులలో పెక్కు ఈ మూడింటిలో ఏది ముఖ్యమను తగవులుగానే కనబడుచుండగా, ఆ ప్రాచీనులు మూడింటికిని చోటిచ్చి, ఒకదానికొఱకు మఱియొకదానిని త్రోసిపుచ్చకుండుట గమనింపదగినది. అంతమాత్రమున నేటి శాస్త్రమంతయు వారికి తెలిసియుండెననుట సరికాదు. వారు వర్ణించిన ఉన్మాదమునకును నేటివారు కుంగుబాటనుదానికిని సరిహద్దులు ఒకటి కావు.

ఐరోపాలో 1621లో రాబర్ట్ బర్టన్ విషాదమును గూర్చి మహాగ్రంథమును వ్రాసి, ఏకాంతమును నిర్వ్యాపారత్వమును విడువుమని హితవు చెప్పెను. 1899లో జర్మను వైద్యుడు ఎమిల్ క్రేపెలిన్, మనోవ్యాధులను వాటి గమనమునుబట్టి వేరుచేయుచు, ఉద్వేగమును కుంగుబాటును ఒకే వ్యాధి క్రిందికి తెచ్చెను. 1917లో ఫ్రాయిడ్, ఆప్తుని పోగొట్టుకొన్నవాని శోకమునకును ఈ విషాదమునకును గల భేదమును విచారించి, శోకములో లోకము శూన్యమై తోచునని, విషాదవ్యాధిలో తన ఆత్మయే శూన్యమై తోచునని భావించెను. ఆయన చూపిన కారణములను నేడు అంగీకరించువారు తక్కువ. ఆ భేదమును మాత్రము రోగిని చూచిన ప్రతి వైద్యుడును నేటికిని పాటించుచున్నాడు. కుంగినవాడు తన నష్టమును గూర్చి ఏడ్చుటకంటె తాను పనికిమాలినవాడనని, ఇంటికి బరువైతినని తలపోయుటయే ఎక్కువ.

సర్పగంధినుండి సెరొటోనినుదాక

రసాయనవాదపు కథ భారతదేశముననే మొదలైనదని చాలమందికి తెలియదు. 1931లో గణనాథ్ సేన్, కార్తిక్ చంద్ర బోస్ అను వంగదేశ వైద్యులు సర్పగంధి వేరు ఉన్మాదమును రక్తపోటును శమింపజేయునని ప్రకటించిరి. 1949లో బొంబాయి వైద్యుడు రుస్తుం జాల్ వకీల్ దానిని రక్తపోటునకు వాడి చూచిన ఫలితములను ఒక బ్రిటిషు వైద్యపత్రికలో ప్రచురింపగా ప్రపంచదృష్టి ఆ వేరుపై పడెను; 1952లో స్విట్జర్లాండు శాస్త్రజ్ఞులు అందలి సారమైన రిసర్పినును వేరుచేసిరి. ఆ మందు విరివిగా వాడబడుకొలది, వాడినవారిలో కొందరు కుంగిపోవుచున్నారని వైద్యులు వ్రాయసాగిరి. అది మెదడులో సెరొటోనిను, నారడ్రినలిను నిల్వలను తఱుగజేయునని ప్రయోగశాలలలో తేలెను. ఇంచుమించు అదే కాలమున న్యూయార్కులోని ఒక క్షయాసుపత్రిలో ఐప్రోనయజిడ్ అను మందు పుచ్చుకొన్న రోగులు తమ దుస్థితికి పొసగని ఉల్లాసమును కనబఱచిరి. 1957లో స్విస్ వైద్యుడు రోలాండ్ కూన్, ఇమిప్రమిను అను మందు వలన కుంగినవారు తేరుకొనుచున్నారని ప్రకటించెను. ఈ రెండు మందులును ఆ రసాయనములను మెదడులో ఎక్కువసేపు నిలుపునవే. తఱుగజేయునది కుంగదీయుచుండగా, నిలుపునది లేవనెత్తుచుండగా, వాటి కొఱతయే వ్యాధి యను ఊహ పుట్టక తప్పలేదు. 1965లో జోసెఫ్ షిల్డ్‌క్రౌట్ నారడ్రినలినునకును, 1967లో అలెక్ కాపెన్ సెరొటోనినునకును ప్రాధాన్యమిచ్చి ఆ ఊహకు సిద్ధాంతరూపము కల్పించిరి.

ఆ తర్కమునకు విరుద్ధమైన సాక్ష్యము ఆదినుండియు ఉండెను. 1955లోనే లండనులో డేవీస్, షెపర్డ్ అనువారు ఆందోళనతో కుంగిన రోగులకు రిసర్పినునే ఇచ్చి, మందు లేని ఉత్త మాత్ర ఇచ్చినవారితో పోల్చి చూడగా, కుంగదీయునని ప్రసిద్ధికెక్కిన ఆ మందు వలన వారికి మేలే కలిగెను. ఆ వ్యాసము లాన్సెట్ పత్రికలో అచ్చయినను చాలకాలము మఱుగున పడియుండెను. ఒక అందమైన సిద్ధాంతము చేతికందినప్పుడు దానికి అడ్డువచ్చు చిన్న వ్యాసము కంటబడకుండుట శాస్త్రచరిత్రలో తఱచు జరుగునదే, అయినను విచారింపదగినదే.

1987 డిసెంబరులో అమెరికాలో ఫ్లుయోక్సెటిను అను మందు అనుమతి పొందిన తరువాత, కొఱత సిద్ధాంతము పరిశోధకుల చేతినుండి ప్రకటనకర్తల చేతికి పోయెను. రోగికి సులభముగా చెప్పవచ్చు మాట యది; సిగ్గును కొంత తగ్గించు మాట కూడ. మధుమేహమువంటిదే ఇదియు అనినప్పుడు ఇంటివారు వెక్కిరించుట మానిరి. ఆ మేలును కాదనరాదు. కాని మొదట పేర్కొన్న లండను పరిశోధకులు, జోఆనా మాంక్రీఫ్ మొదలైనవారు, 2022లో పూర్వపరిశోధనలను సమీక్షించి, కుంగినవారిలో సెరొటోనిను తక్కువగా నుండుననుటకు స్థిరమైన ఆధారము లేదని చెప్పినప్పుడు, ఆ సులభపు మాట మీదనే ఆధారపడినవారి నమ్మకము ఒక్కమారుగా కదలినది.

మందు పనిచేయుట వేరు, ఆ మందు మార్చిన రసాయనమే రోగమూలమగుట వేరు. మొదటిదానికి ఆధారము కలదు. 2018లో ఆండ్రియా చిప్రియాని బృందమువారు 21 మందులమీద జరిగిన 522 ప్రయోగములను, 1,16,477 మంది రోగుల ఫలితములను కూడగట్టి చూడగా, ప్రతి మందును ఉత్త మాత్రకంటె మెఱుగుగానే యుండెను. ఆ మెఱుగు సగటున పెద్దది కాదు. ఇర్వింగ్ కిర్ష్ 2008లో వాదించినట్లు, అది వ్యాధి తీవ్రముగా నున్నవారిలోనే స్పష్టముగా కనబడునను పక్షము నేటికిని బలముగానే యున్నది. చిప్రియాని లెక్క తప్పని కిర్ష్ పక్షమువారు గాని, కిర్ష్ లెక్క తప్పని వైద్యులు గాని ఋజువు చేయలేదు. సగటులో చిన్నదిగా కనబడు మేలు, ఒకరికి ఏమియు కాకయు మఱియొకరికి ప్రాణదానమై యుండవచ్చునా యనునదే అసలు ప్రశ్న. దానిని సగటులు తేల్చజాలవు.

మందు మానుటను గూర్చియు ఒక మాట చెప్పవలయును. 2021లో బ్రిటనులో, చాలకాలముగా మందు వాడుచు మానవచ్చునని తలచినవారిని రెండు వర్గములుగా చేసి ఏడాది గమనింపగా, మందు కొనసాగించినవారిలో 39 శాతమునకు, క్రమముగా మానినవారిలో 56 శాతమునకు వ్యాధి తిరుగబెట్టినది. మానినవారిలో సగమునకు దగ్గరగా సుఖముగానే యుండిరి. కొనసాగించినవారిలోను పదిమందిలో నలుగురికి తిరిగి వచ్చినది. ఇరుపక్షములవారును ఈ ఒక్క అధ్యయనమునే తమకు సాక్ష్యముగా చూపుట విచిత్రము కాదు. వివాదము లేనిది ఒక్కటే: వార్త చదివి ఒక్కనాటితో మాత్రలను పారవేయుట ప్రమాదము, మానదలచినవారు వైద్యునితో చెప్పి మెల్లమెల్లగా తగ్గించుకొనవలయును.

జన్యువుల కథయు ఇట్టిదే. సెరొటోనినునకు సంబంధించిన ఒక జన్యుభేదము కష్టములలో కుంగువారిని నిర్ణయించునని 2003లో వెలువడిన వ్యాసము ఎంతో కీర్తిని పొందగా, 2019లో లక్షలమంది సమాచారముతో పరిశీలింపగా అది నిలువలేదు. కవలలపై జరిగిన అధ్యయనములు ఈ వ్యాధిలో వంశపారంపర్యపు పాలు సుమారు 37 శాతమని తెలుపుచున్నవి. అది ఏ ఒక్క జన్యువునందును లేక, అత్యల్పప్రభావము గల అనేకస్థానములయందు చెదరియున్నది. తల్లికి వచ్చినచో కూతురికి వచ్చి తీరునని భయపడి సంబంధములను చెడగొట్టుకొను పెద్దలు ఈ సంగతి తెలిసికొనదగును.

1938లో రోము నగరమున మొదలైన విద్యుత్‌చికిత్సను గూర్చి మన సినిమాలు కలిగించిన భీతి అంతింత కాదు. మత్తుమందు, కండరములను సడలించు మందు ఇచ్చి చేయు నేటి పద్ధతి, అన్నపానములను విడిచి మృత్యుముఖమున నున్న రోగిని త్వరగా తేర్చుటలో మిక్కిలి ప్రభావము గలది. కొంత మఱపు కలుగుట దాని లోపము. మత్తులేక దానిని చేయుటను 2017 నాటి మానసికారోగ్య సంరక్షణ చట్టము నిషేధించినది.

ఆలోచన, ఆచరణ

ఫిలడెల్ఫియాలో మనోవైద్యుడు ఆరన్ బెక్, ఫ్రాయిడ్ మార్గమున శిక్షణ పొందియు, 1960 తరువాతి దశాబ్దమున దానిని విడిచి, కుంగినవాని ఆలోచనలలోనే ఒక నిర్దిష్టమైన వక్రత గలదని గ్రహించెను: తన్ను గూర్చి, లోకమును గూర్చి, రాబోవు కాలమును గూర్చి అతడు చేయు తీర్పులు సాక్ష్యమును విచారింపక ముందే వ్రాయబడియుండును. ఆ తీర్పులను రోగియే మరల విచారించునట్లు చేయుట బెక్ చికిత్స. అయితే 1996లో నీల్ జేకబ్సన్ ఆ చికిత్సను విడదీసి పరీక్షింపగా, ఆలోచనలను దిద్దకుండ, మానివేసిన పనులను మెల్లగా మరల చేయించు భాగము మాత్రమే వాడినను ఫలితము ఇంచుమించు సమానముగా వచ్చెను. 2016లో బ్రిటనులో జరిగిన పెద్ద ప్రయోగమున, సుదీర్ఘశిక్షణ లేని కార్యకర్తలు చేసిన ఈ సరళచికిత్స, నిపుణులు చేసిన బెక్ చికిత్సకు తీసిపోలేదు. ఉత్సాహము వచ్చిన పిమ్మట పని చేయుదమని కుంగినవాడు కాచుకొనియుండును. పని చేసిన పిమ్మటనే ఉత్సాహము వచ్చునని ఈ ప్రయోగములు తెలుపుచున్నవి. నిపుణులు అరుదైన దేశమునకు ఇంతకంటె శుభవార్త ఈ శాస్త్రమున మఱియొకటి లేదని ఈ వ్యాసకర్త నమ్మకము.

లోకమే కారణమనువారు

1978లో జార్జి బ్రౌన్, టిరిల్ హారిస్ అనువారు లండనులోని కాంబర్‌వెల్ ప్రాంతపు స్త్రీలను పరిశీలించి, మనసు విప్పి చెప్పుకొనుటకు ఒక మనిషి లేకుండుట, ఇంటిలో ముగ్గురు లేక అంతకు మించిన చిన్నపిల్లలుండుట, బయట పని లేకుండుట, పదునొకండవ యేటికి ముందే తల్లిని పోగొట్టుకొనుట అను నాలుగును కష్టము వచ్చినప్పుడు స్త్రీని కుంగుబాటునకు గురిచేయునని చూపిరి. 2020లో సైన్స్ పత్రికలో వెలువడిన సమీక్ష, పేదరికము కుంగుబాటును పెంచునని, కుంగుబాటు సంపాదనను తగ్గించి పేదరికమును పెంచునని, రెండు దిక్కులను నిదర్శనములతో స్థాపించినది.

ఈ వాదమును గ్రహించుటకు నెల్లూరు తీరమునకు మించిన పాఠము అక్కఱలేదు. కౌలు ముందే చెల్లించి, ఎరువులకు అప్పు తెచ్చి, కోతనాటికి పుట్టి ధర పడిపోయిన రైతు స్థితి ఒకటి. రొయ్యల గుంటలవారి స్థితి ఇంకొకటి: రాత్రి కరెంటు పోయినచో ఏరియేటర్లు ఆగి తెల్లవారునప్పటికి గుంటంతయు చచ్చి తేలునను భయముతో గట్టుమీదనే పడుకొని, చెవిని యంత్రపు చప్పుడు మీదనే ఉంచి, వేకువన చెక్‌ట్రే పైకి లాగి మేత మిగిలినదా యని లాంతరు వెలుతురున చూచుకొనువాడు నెలల తరబడి నిండునిద్ర ఎఱుగడు. 1990 తరువాతి దశాబ్దపు నడుమ తెల్లమచ్చ వ్యాధి ఈ తీరమును దెబ్బతీసినప్పుడు పోయినది డబ్బు మాత్రమే కాదు. నిద్రలేమి ఈ వ్యాధికి లక్షణమును, హేతువును కూడ నగునని శాస్త్రము చెప్పుచుండగా, ఇట్టి జీవనోపాధినుండి వ్యాధిని వేరుచేసి చూచుట కష్టము.

స్త్రీల సంగతి మఱియొక అధ్యాయము. ప్రపంచారోగ్యసంస్థ లెక్కల ప్రకారము ఈ వ్యాధి పురుషులకంటె స్త్రీలలో ఒకటిన్నర రెట్లు. భర్త త్రాగుడు, ఇంటిలోని హింస స్త్రీల కుంగుబాటుతో ముడిపడియున్నట్లు మన దేశపు అధ్యయనములే తెలుపుచున్నవి. ఈ జిల్లాలోనే, అక్షరాస్యతా తరగతులలో చదువు నేర్చుకొనుచు తమ బ్రతుకులను చర్చించుకొన్న దూబగుంట స్త్రీలు 1992లో సారా అంగడిని మూయించి, రాష్ట్రమంతటను ఉద్యమమును రగిలించి, 1993 అక్టోబరు 1 నుండి సారాయి నిషేధమును సాధించిరి. దానిని మానసికారోగ్య ఉద్యమమని ఎవరును పిలువలేదు. అయినను కుంగుబాటునకు సాంఘికమూలములు గలవనువారు తమ చరిత్రను వ్రాసుకొన్నచో కాంబర్‌వెల్ ప్రక్కన దూబగుంటకు చోటీయవలసియుండును.

ఈ పక్షమునందే తీవ్రవాదులు కొందరు గలరు. 2007లో అలన్ హార్విట్జ్, జెరోం వేక్‌ఫీల్డ్ అనువారు, సహజమైన దుఃఖమును వైద్యశాస్త్రము రోగముగా మార్చినదని గ్రంథము వ్రాసిరి. రెండువారములపాటు కొన్ని లక్షణములున్నచో చాలునను 1980 నాటి అమెరికను నిర్వచనము సందర్భమును చూడదనునది వారి ఆక్షేపణ. 2013లో ఆప్తమరణపు శోకమునకు గల మినహాయింపును కూడ తొలగించుటతో ఆ ఆక్షేపణకు బలము చేకూరినది. ఈ విమర్శలో న్యాయమున్నది. కాని కారణము కనబడుచున్నది గనుక రోగము కాదనుట న్యాయము కాదు. అప్పులపాలైన రైతుకు కుంగుబాటు రావలసినదే యని సరిపెట్టుకొని ఊరకుండువారు అతనికి ఋణవిముక్తిని గాని చికిత్సను గాని కలిగింపరు.

మూడు పక్షములను ప్రక్కప్రక్కన నుంచినచో

శరీరపక్షము తీవ్రమైన వ్యాధియందు బలమైనది, కారణనిరూపణయందు బలహీనమైనది. మనఃపక్షము స్వల్ప, మధ్యమస్థితులలో మందుతో సమానమైన ఫలితమిచ్చి, వ్యాధి తిరుగబెట్టకుండ చూచుటలో కొంత మెఱుగుగా నుండును. కాని మంచము దిగజాలని రోగితో అది మాటలాడజాలదు. లోకపక్షము వ్యాధి ఎవరికి ఎక్కువగా వచ్చునో చెప్పుటలో మిగిలిన రెండింటిని మించినది, ఈ ఒక్క మనిషికి రేపు ఉదయము ఏమి చేయవలయునో చెప్పుటలో వాటికి తీసిపోవును. ఒకే ఊరిలో ఒకే కష్టము పడిన ఇద్దరిలో ఒకరు కుంగుటకును ఒకరు నిలుచుటకును కారణము మూడు పక్షములలో ఎవరును సంపూర్తిగా చెప్పలేదు. ముగ్గురును ఒప్పుకొను సంగతి యొకటి కలదు: కుంగినవారిలో అధికసంఖ్యాకులు కాలక్రమమున తేరుకొందురు, చికిత్స ఆ కాలమును తగ్గించును.

కోలుకొన్నవారి మాట

ఈ నాల్గవ సాక్ష్యమును శాస్త్రజ్ఞులు చాలకాలము లెక్కకు తీసికొనలేదు. ఆంగ్ల తత్త్వవేత్త జాన్ స్టూఅర్ట్ మిల్ ఇరువది యేండ్ల వయసున, 1826 శరత్కాలమున, తన జీవితలక్ష్యములన్నియు నెరవేరినను తనకు సంతోషము కలుగదని ఒక్కసారిగా తోచి కుప్పకూలెను. తండ్రి మరణించినప్పుడు ఇంటివారికి అన్నియు తానే యగుదునని నిశ్చయించుకొన్న ఒక బాలుని ఘట్టమును మార్మొంతెల్ అను ఫ్రెంచి రచయిత స్వీయచరిత్రలో చదువుచు కన్నీరు కార్చినప్పుడు, తన హృదయము ఇంకను ఱాయి కాలేదని తెలిసి, అతడు మెల్లగా లేచెను. 1908లో క్లిఫర్డ్ బీర్స్, మూడేండ్లు మానసికాలయములలో తాను పడిన హింసను, పొందిన స్వస్థతను వ్రాసి, ఆ గ్రంథబలముతో మానసికారోగ్య సంస్కరణోద్యమమునే స్థాపించెను. నవలాకారుడు విలియం స్టైరన్ 1985లో ప్రాణత్యాగమునకు సిద్ధపడియున్న రాత్రి, ఒక చలనచిత్రములో వినవచ్చిన బ్రామ్స్ సంగీతము తల్లి పాటను జ్ఞప్తికి తేగా, భార్యను లేపి ఆసుపత్రిలో చేరి, అచ్చటి విశ్రాంతివలన కోలుకొనెను. 2015లో సినీనటి దీపికా పదుకోన్ తాను కుంగిపోయిన సంగతిని, దానిని మొదట గుర్తించినది తన తల్లి యని, వైద్యముతో తేరుకొంటినని టెలివిజనులో చెప్పినది. అప్పటినుండి మన ఇండ్లలో ఈ మాట ఎత్తుటకు కొంత వీలు కలిగినది.

ఈ కథలు ఎంతవరకు ప్రమాణము? తిరిగి వచ్చినవారే కథ చెప్పుదురు, రానివారి కథ వినబడదు. చెప్పువారు చదువరులు, ధనవంతులు, ప్రసిద్ధులు. ఒకరు పుస్తకమని, ఒకరు ఆసుపత్రి యని, ఒకరు మందని చెప్పుదురు గనుక ఇందుండి చికిత్సను నిర్ణయింపజాలము. పైగా స్టైరనుకు 2000లో వ్యాధి తిరిగి వచ్చినది. ఈ ఆక్షేపణలన్నియు సరియైనవే. అయినను కుంగినవాని వ్యాధిలక్షణమే ఇది ఎన్నటికిని తగ్గదను నమ్మకమై యుండగా, తగ్గినవానిని కన్నులార చూచుట ఆ నమ్మకమునకు ప్రతిసాక్ష్యము. పశ్చిమగోదావరి జిల్లా పల్లెలలో ఈ వ్యాధికి అంటిన అపవాదును తొలగించుటకు జరిగిన ప్రచారమును పరిశోధకులు కొలిచి చూడగా, కరపత్రములకంటెను సినిమానటుని సందేశముకంటెను, వ్యాధి అనుభవించిన మనిషి తానే చెప్పిన మాటయు, ఊరిలో ఆడిన నాటకమును ఎక్కువ పనిచేసినవి. దూరపు కీర్తిమంతుని కథకంటె, మనవలె మాటలాడు మనిషి కథ బలమైనదని దీనివలన తేలుచున్నది.

వైద్యుడు లేని ఊర

2015-16లో నిమ్హాన్స్ అను జాతీయ మానసికారోగ్యసంస్థ వారు 12 రాష్ట్రములలో జరిపిన జాతీయ సర్వే ప్రకారము, పెద్దలలో 20 మందికి ఒకరు జీవితమున ఎప్పుడో ఒకప్పుడు ఈ వ్యాధిని పొందిరి; వారిలో సుమారు 85 శాతమునకు చికిత్స అందలేదు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణములు ఆ పన్నెండింటిలో లేవు. దేశమున లక్ష జనాభాకు ఒక్క మానసికవైద్యుడు కూడ లేడు. 1982లో జాతీయ మానసికారోగ్య కార్యక్రమము ఆరంభమై, బళ్ళారిలో ప్రాథమిక వైద్యులకు శిక్షణ నిచ్చి చూచిన అనుభవముతో 1996లో జిల్లా కార్యక్రమముగా విస్తరించినప్పుడు, తొలి జిల్లాలలో మన మెదక్ ఒకటి.

వైద్యులకు శిక్షణ నిచ్చినంతమాత్రమున చాలలేదు. గోవాలో విక్రమ్ పటేల్ బృందము, పూర్వము ఈ పని ఎఱుగని స్థానికులకు శిక్షణ నిచ్చి, మానిన పనులను మరల చేయించు చికిత్సను ఆరు నుండి ఎనిమిది సమావేశములలో చేయించినది. 2017లో ప్రకటించిన ఫలితము: మూడునెలలలో ఈ సాయము పొందినవారిలో 64 శాతము, పొందనివారిలో 39 శాతము తేరుకొనిరి.

ఆ సమావేశమున జరుగునది సామాన్యమైన సంభాషణయే. కొడవలూరు పల్లెలలో జరిగినచో అది ఇట్లుండును. “పెద్దమ్మా, నిన్న పొద్దున లేచినకాడ నుంచి ఏమేం చేసినావు?” అని కార్యకర్త అడుగును. “ఏందిమా చేసేది, మంచం దిగబుద్ధి కాలా” అని జవాబు. కార్యకర్త ధైర్యము చెప్పదు, మందలింపదు. దినమును గంటలుగా విడదీసి, ఏ గంటలో ప్రాణము కొంచెము తేలికగా నుండెనో అడిగి తెలిసికొనును. మనుమరాలికి జడ వేసినప్పుడని ఆ తల్లి అనినచో, దానిని కాగితముపై వ్రాసి, రేపు జడ తానే వేయవలయునని, ఎల్లుండి పాలకేంద్రముదాక క్యాను తీసికొనిపోవలయునని, ఇద్దరును కలిసి నిర్ణయింతురు. మఱుసటి వారము ఆ కాగితమునే ముందుంచుకొని కూర్చుందురు; జరుగనిదాని విషయమై నింద యుండదు, పనిని ఇంకను చిన్నదిగా చేయుదురు.

పశ్చిమగోదావరిలో జార్జ్ ఇన్‌స్టిట్యూట్ అను పరిశోధనసంస్థ వారు ఆశా కార్యకర్తలకు ట్యాబులిచ్చి, నిద్ర, ఆకలి, ఉత్సాహము, ప్రాణముపై విరక్తి మొదలైన ప్రశ్నలను ఇంటింట అడిగించి, అవసరమైనవారిని ప్రాథమిక కేంద్రమునకు పంపించిరి. తరువాత హరియాణాతో కలిపి 44 ప్రాథమిక కేంద్రముల పరిధిలో జరిగిన పోలికప్రయోగమున కుంగుబాటు తీవ్రత తగ్గినట్లు తేలినది.

దర్గాలను ఆశ్రమములను గూర్చి రెండు అతిశయోక్తులు వాడుకలో ఉన్నవి: అవి మూఢత్వమని ఒకటి, అవే చాలునని ఒకటి. 2001లో తమిళనాడు ఏర్వాడిలో గొలుసులతో కట్టబడియున్న 28 మంది రోగులు అగ్నికి ఆహుతియైన పిమ్మట ఎవరును అట్టి స్థలములను నిర్విచారముగా సమర్థింపజాలరు. అయినను రోగిని వెలివేయక పదిమందిలో ఉంచు గుణము ఆ స్థలములకు కలదు. గుజరాతులోని ఉనావా దర్గాలో దువాతో (ప్రార్థనతో) పాటు దవాయు (మందును) ఉండవలయునని ముజావరులే రోగులను ప్రాంగణములోని వైద్యునియొద్దకు పంపు ఏర్పాటు జరిగినది. ఏ.ఎస్.పేటకు వచ్చువారి సంఖ్యను తలచినచో, అట్టి ఏర్పాటును ఇచ్చట ఆలోచింపకుండుటకు కారణము కనబడదు.

ఇంకను తేలనివి

సహజదుఃఖమునకును వ్యాధికిని గీత ఎచ్చట గీయవలయునో తేలలేదు. ఏ రోగికి మందు, ఏ రోగికి మాట పనిచేయునో ముందుగా చెప్పు పరీక్ష లేదు. రక్తపరీక్షతో కుంగుబాటును నిర్ధారింతుమని ప్రకటించువారిని నమ్మరాదు. పురుషులలో ఈ వ్యాధి మద్యముచాటున, కోపముచాటున దాగియుండుటవలన లెక్కలలో తక్కువగా కనబడుచున్నదేమో యను అనుమానము తీరలేదు. అప్పు తీర్చుటయు చికిత్సయు కలిసి జరిగినచో ఫలితమెట్లుండునో మన తీరమున ఎవరైన పరీక్షించి చూడవలసియున్నది.

ఇవి తేలుదాక ఎదురుచూడరాని సంగతులు కొన్ని గలవు. బ్రతుకుపై విరక్తి మాట నోట వచ్చినవానిని ఒంటరిగా విడువరాదు. ఆ మాట అడిగినందువలన ఆ తలంపు పుట్టునను భయము నిరాధారమని పరిశోధనలు తెలిపినవి. 2022 అక్టోబరు 10న ఆరంభమైన ప్రభుత్వ సహాయవాణి టెలి మానస్ వారు 14416 సంఖ్యపై రాత్రింబవళ్ళు, తెలుగులోనే, ఉచితముగా మాటలాడుదురు. ఆత్మహత్యకు యత్నించినవానిని దండింపక, తీవ్రమైన ఒత్తిడిలో నున్నవానిగా భావించి ఆదుకొనవలయునని 2017 చట్టము చెప్పుచున్నది గనుక, పోలీసు కేసునకు వెఱచి ఆసుపత్రికి పోవుట ఆలస్యము చేయనక్కఱలేదు.

మిగిలిన చిక్కు మనుష్యులది. గోవాలోను గోదావరిలోను ఫలితమిచ్చిన పని అంతయు గ్రామకార్యకర్తలమీదనే నిలిచినది. మన ఆశా కార్యకర్త ఇప్పటికే గర్భిణుల లెక్క, టీకాల లెక్క, క్షయరోగుల లెక్క వ్రాయుచున్నది. ఈ ప్రశ్నలను కూడ ఆమెయే అడుగవలయుననినచో, ఆ గంటకు ఆమెకు ఏమి చెల్లింతురో, ఆమె పంపిన రోగిని వారమునకు ఒక్కదినమైనను చూచుటకు నెల్లూరునుండి మానసికవైద్యుడు మండలకేంద్రమునకు వచ్చునో రాడో, జిల్లా కార్యక్రమపు అధికారులు నిర్ణయింపవలసియున్నది.